సాసరు మీద కప్పు

జీతం లేదు. రెండు టికెట్లు,
ఇంటర్వెల్లో ఒక టీ, అదీ కూపను చూపిస్తేనే.
ఊళ్ళో నాటకాలకి సమీక్షలు రాసేవాళ్ళు కావాలని
గ్రిమ్స్‌బీ లైబ్రరీ తలుపు మీద అంటించిన కాగితం
వానకి సగం ఊడి వేలాడుతుంటే
అరచేత్తో అదిమిపట్టి చదివాను.

దరఖాస్తులో ఒకటే ప్రశ్న:
ఇంతకుముందు వేటిని సమీక్షించారు?
పదకొండేళ్ళుగా డాక్టర్ల మందుల చీటీల్ని, అని రాశాను.
తప్పు దొరికితే ఫోను చేసి మర్యాదగా చెబుతాను.

మొరీన్ స్టబ్స్ నవ్వలేదు. "ఉద్యోగం నీదే," అంది.
ఆ మాటని ఎంత ఉదారంగా వాడిందో!
"మూడొందల మాటలు. ఎవర్నీ చంపకు.
అలాగని అబద్ధమూ ఆడకు.
వాళ్ళంతా రేపు చేపల కొట్టు దగ్గర
నీకు ఎదురుపడేవాళ్ళే."

నాటకం గురించి నాకు తెలిసిందల్లా
తెనాలిలో తెల్లవారుజామున మూడింటికి
నిద్రకళ్ళతో చూసిన పద్యనాటకాలు.
జనం వన్స్‌మోర్ అంటే
చచ్చిపడ్డ వీరుడు లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేవాడు.
ఇక్కడ వన్స్‌మోర్ లేదు.
తుమ్మితే ముందు వరస మొత్తం వెనక్కి తిరుగుతుంది.

చర్చి హాలు. మడత కుర్చీలు. తడిసిన ఉన్ని కోట్ల వాసన.
నాటకంలో లైట్‌హౌస్ కాసే ముసలివాడు
తమ్ముడి పడవ మునిగిందంటే ఒప్పుకోడు.
అతికించిన గడ్డం వెనక లెన్ బ్లాంచర్డ్‌ని
మొదట నేను పోల్చుకోలేదు.
రెండో అంకంలో కప్పు చేతిలోకి తీసుకున్నాడు.
సాసరు మీద కప్పు
టికటిక టికటిక

హాలంతా అదే చప్పుడు.

నా పక్కనావిడ మొగుడి చెవిలో అంది,
"వణుకు కాస్త ఎక్కువ చేస్తున్నాడు."

ఎక్కువ కాదని నాకు తెలుసు.
ప్రతి నెలా మొదటి మంగళవారం
ఆ తెల్ల కాగితం సంచి కట్టేది నేనే.
రోజుకి నాలుగుసార్లు, తిండికి అరగంట ముందు.
డోసు పెరిగిన సంగతి ఇంట్లో చెప్పాడో లేదో గాని
నాకు తెలుసు.
తెలియడం నా పని.
బయటికి చెప్పకపోవడం కూడా.

ఆ రాత్రి నోట్‌బుక్ ముందు
రెండు ఉద్యోగాలూ కుస్తీ పట్టాయి.
వణుకు అద్భుతంగా నటించాడంటే అబద్ధం.
నటన కాదంటే ద్రోహం.
అసలా ఊసే ఎత్తకపోతే
మరి నేనెందుకు వెళ్ళినట్టు?

ఒంటిగంటకి ఫ్రిజ్‌లోంచి పెరుగన్నం.
రెండింటికి, లైట్‌హౌస్ దీపం
బాత్రూం బల్బులా ఉందని రెండు వాక్యాలు.
ప్రాంప్టర్ గొంతు ముందు తెర మరీ పల్చనైపోయిందని ఒకటి.
చెల్లెలి వేషం వేసిన ప్రూ, పగలు మాంసం కొట్లో తూకం వేసే పిల్ల,
వీపుతో ఏడవగలదని ఒకటి.
ఇంకా చోటు మిగిలింది.

చివరికి రాశాను:
రెండో అంకంలో ఆయన కప్పు అందుకుని గది దాటతాడు.
నిండు కప్పు.
చుక్క ఒలకలేదు.
నేను చూస్తూనే ఉన్నాను.

మంగళవారం వచ్చాడు.
చెవి కింద గడ్డం జిగురు మరక ఇంకా పోలేదు.
"అయితే నీకు మా బల్బు నచ్చలేదు."
"నచ్చలేదు."
"నలభై వాట్లే దొరికింది మరి."
తీసుకున్నట్టు సంతకం పెట్టాడు.
గీత గడి దాటి పక్క గడిలోకి పోయింది,
ఇద్దరం చూశాం.
ఆయన వెనక వరసలో ఇంకో నలుగురున్నారు.

తలుపు దాకా వెళ్ళి తిరిగాడు.
"వచ్చే నెల క్రిస్మస్ నాటకం. గుర్రానికి వెనక సగం నేను.
అందులో చేతులు కనబడవులే."

గంట మోగి తలుపు మూసుకుంది.
కౌంటర్ డైరీలో, ఫ్లూ టీకాల తేదీ పక్కన,
గుర్రం, అని రాసుకున్నాను.